పండుగకు ముందు కోసిన మామిడికాయ

కరోనాకు ముందు సంవత్సరం మార్చి చివర్లో, భద్రాచలం దాటి అడవి అంచున ఉన్న ఒక కోయ పల్లెకు నన్ను క్షేత్ర పరిశీలనకు పంపారు. అప్పుడు నేను హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం ఫ్రెంచి శాఖలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. మాది మధిర పక్క. ఖమ్మం వాడినే కాబట్టి అటు దారులు తెలుసునని శాఖాధ్యక్షురాలు ఆ పని నాకు అప్పగించారు. మధిరకూ ఆ అడవికీ ఎంత దూరమో ఆమెకు తెలియదు. నాకూ తెలియదని అక్కడికి వెళ్లాకే తేలింది.

ఆ ప్రయాణం మా శాఖలో ఇప్పటికీ ఒక తమాషా కథగా నడుస్తోంది. కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ ఎవరో ఒకరు చెబుతారు. అందులో ఒక మనిషి పేరు తప్పు. దాన్ని సరిచేయడానికి ఇది రాస్తున్నాను.

ఫ్రెంచి ఎం.ఏ. అంటే పారిస్ గురించి చదవడమేనని చాలామంది అనుకుంటారు. చివరి ఏడాదిలో 'ఫ్రాంకోఫోన్ సంస్కృతులు' అని ఒక పేపరు ఉంటుంది. ఫ్రాన్సు బయట ఫ్రెంచి మాట్లాడే దేశాల జీవితం అందులో పాఠం. ఆ దేశాల ఆచారం ఒకదాన్ని తమ ప్రాంతపు ఆచారంతో పోల్చి విద్యార్థి ఒక ప్రాజెక్టు రాయాలి. సమాచారం నిజంగా అక్కడికి వెళ్లి సేకరించిందేనని గైడు స్వయంగా చూసి ధ్రువీకరించాలి. ఆ తరవాతే బయటి ఎగ్జామినర్ ముందు వైవా.

పూనెం సుజాతకు నేను గైడుని. ఇంటర్ కాగానే మా దగ్గర ఐదేళ్ల ఎం.ఏ.లో చేరి, ఫ్రెంచి మొదటి అక్షరం నుంచి మా శాఖలోనే నేర్చుకున్న అమ్మాయి. సెనెగల్ పల్లెల్లో కొత్త జొన్న గింజ తినడానికి ముందు చేసే తంతునీ, తమ ఊరి మామిడి పండుగనీ పోలుస్తూ ఆమె రాస్తోంది. మాతోపాటు మామదు కూడా బయలుదేరాడు. అతను సెనెగల్ యువకుడు, మా శాఖలో భాషా సహాయకుడు. అంటే పరీక్షలు దిద్దడు, విద్యార్థులతో ఫ్రెంచి మాట్లాడించడమే అతని పని. ఆరడుగుల పైన పొడుగు. తెలుగులో అతనికి వచ్చిన ముక్క ఒకటే, "ఏంది సంగతి?" దాన్ని ఆర్టీసీ కండక్టరు మీద కూడా ప్రయోగించి బస్సంతా నవ్వించాడు.

ఆటో దిగాక కొంత దూరం నడక. సుజాత ఇంట్లో చెప్పి రావడానికి ముందు వెళ్లింది. ఎండ మండుతోంది. చేను గట్టున ఒక మామిడి చెట్టు, చేతికందే కొమ్మకు కాయలు. నేను మామిడి తోటల మధ్య పెరిగినవాణ్ణి. చెయ్యి చాచి ఒకటి తెంపి, బండ మీద కొట్టి చీల్చాను. సగం నేను కొరికి, సగం మామదుకు ఇచ్చాను. అతను దాన్ని వాసన చూస్తూ ఉండగానే, ఇప్పపువ్వు గంపలతో వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగిపోయారు.

"అయ్యో సారూ! ఎంత పని చేసిన్రు!"

వాళ్ల ముఖాలు చూసి నా చేతిలోది పొదలోకి విసిరేశాను. మామదు తనది అలాగే పట్టుకుని ఉన్నాడు.

పండుగ కాకముందు ఆ ఊళ్లో మామిడికాయ తెంపరు. కాయలో టెంక గట్టిపడ్డాక ఊరి పెద్ద రోజు నిర్ణయిస్తాడు. ఆ రోజు కోడిని కోసి, మొదటి కాయ అమ్మవారికీ చనిపోయిన పెద్దలకూ పెట్టి, ఊరి పెద్ద తిన్నాకే మిగతావాళ్లు ముట్టుకుంటారు. ముందే తింటే ఊరంతటికీ కీడు. ఇది నాకు తెలియదని అనలేను. సుజాత ఈ నియమాన్ని తన రెండో అధ్యాయంలో రాసింది. ఆ పుటలు నేను ఎర్ర సిరాతో దిద్దాను. క్రియారూపాలు సరిచేశాను, పక్కన 'బాగుంది' అని కూడా రాశాను. వాక్యాలు చూశాను తప్ప వాటిలో ఏముందో చదవలేదు. భాష చెప్పే పంతుళ్లకు పట్టుకునే జబ్బు అది.

కాసేపట్లో రచ్చ దగ్గర ఊరు పోగైంది. ఊరి పెద్ద ముత్తయ్య సుజాతకు పెద్దనాన్న.

"ఏంది బిడ్డా ఇది? సదువుకున్నోళ్లను తోల్కొస్తున్న అంటే మంచిగనే ఉంటదనుకున్న. వాళ్లకు నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన పెద్దనాన్నా. రాసి కూడా ఇచ్చిన," అంది సుజాత. నా వైపు చూడలేదు.

ఈసారి పండుగకు బయటివాళ్లను రానివ్వం, రికార్డు చేయనివ్వం అన్నాడు ముత్తయ్య. ఆ పండుగే ఆమె ప్రాజెక్టులో చివరి అధ్యాయం. అది లేకపోతే మేలో సమర్పించడం కుదరదు. మళ్లీ మామిడి కాసేదాకా ఏడాది ఆగాలి. స్కాలర్‌షిప్పూ హాస్టలూ ఐదేళ్ల వరకే. ఆగితే ఆ ఎం.ఏ. అక్కడితో ఆగిపోయినట్టే.

ఏం జరుగుతోందని మామదు ఫ్రెంచిలో అడిగాడు. సుజాత చెప్పింది. అతను చేతిలోని ముక్క వైపు చూసుకుని, తమ తాత ఊళ్లోనూ ఇంతేనని, తెలియని పరాయివాణ్ణి క్షమిస్తారు గానీ తెలిసిన పంతుల్ని క్షమించరని, తానే తెంపానని చెప్పమని అన్నాడు. ఆ మాటలు అర్థమైనవాళ్లం ఆ గుంపులో ముగ్గురమే. ఇద్దరూ నా వైపు చూశారు.

తెంపింది నేనేనని తెలుగులో ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. గైడుని, ఆ జిల్లావాణ్ణి, నలుగురిలో తలదించుకోవడం ఎలా అనుకున్నాను. నోరు తెరవలేదు. సుజాత కొంచెం ఆగి, మామదు చెప్పింది చెప్పినట్టు తన వాళ్లకు కోయ భాషలో వినిపించింది. నేను ఐదేళ్లు నేర్పిన భాషతో తరగతి బయట ఆమె చేసిన మొదటి అనువాదం అదే.

ముత్తయ్య మామదును కిందినుంచి పైదాకా చూశాడు. "ఈ పొడుగు సారేనా? కాయ చేతిల అట్లనే ఉన్నదేంది? కొరకకుండనే మింగిండా?" అని నాకూ అర్థమయ్యేలా తెలుగులో అన్నాడు.

అందరూ నవ్వారు. అప్పుడే మామదు "ఏంది సంగతి?" అనడంతో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తీర్పు తేలికైంది. తప్పు చేసినవాడు పండుగనాడు కోడి తెచ్చి, ఊరి పెద్ద తిన్నాక ఆయన చేత్తో పెట్టిన కాయ తినాలి. దానితో తప్పు పోతుంది, రికార్డు చేసుకోవడానికీ అడ్డు ఉండదు.

ఏప్రిల్లో మామదు కోడి పట్టుకుని వెళ్లాడు. నాకు పరీక్షల ఇన్విజిలేషన్ డ్యూటీ ఉందన్నాను. ఉన్నమాట నిజమే, అడిగితే మార్చేవారు. సుజాత అధ్యాయం పూర్తయింది. వైవాలో ఎగ్జామినర్, నియమం తప్పినవాణ్ణి ఏంచేస్తారని అడిగారు. ఊరి ముందుకు వచ్చి మళ్లీ తినాలని ఆమె ఫ్రెంచిలో తడబడకుండా జవాబు చెప్పింది. గైడుగా నేను పక్క కుర్చీలో ఉన్నాను. ఆమెకు మంచి గ్రేడు వచ్చింది. శాఖలో మాత్రం మామదుకు 'మామిడి మామదు' అని పేరు స్థిరపడింది. అతను ఆ పేరుతోనే తన దేశం వెళ్లిపోయాడు. టీ దగ్గర ఆ కథ చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

తరవాత కొన్నేళ్లకు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఖమ్మం వచ్చేశాను. సుజాత ఇప్పుడు కొత్తగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫ్రెంచి చెబుతోంది. ఈ ఏడాది ఫోన్ చేసింది. "సార్, పండుగ చూపియ్యనీకి మా కాలేజి పిల్లల్ని తీస్కపోతున్న. మీరొస్తరా?" అంతే. పాత సంగతి ఎత్తలేదు.

భద్రాచలం సంతలో కోడిని కొనుక్కుని వెళ్లాను. ముత్తయ్యకు ఇప్పుడు చూపు తగ్గింది గానీ మాట తగ్గలేదు. పిల్లలు రాకముందే ఆయన దగ్గర కూర్చుని, ఆ కాయ తెంపింది నేనని చెప్పాను. ఆయన కోడిని తడిమి చూశాడు.

"అంటే ఆ పొడుగు సారుకు ఉత్తపుణ్యానికి కోడి ఖర్చు పెట్టిచ్చినమా?"

"అవునండీ."

సుజాతను కేకేశాడు. "నీకు ఎరికేనా బిడ్డా?"

"అవ్, ఎరికే."

"మరి చెప్పలేదేంది?"

"వాళ్లు చెప్పింది చెప్పుడే నా పని పెద్దనాన్నా. సారు ఏం చెప్పకపాయె. చెప్పనిది నేనెట్ల చెప్త?"

ముత్తయ్య నన్ను వరసలో చివర, చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టాడు. ఆయన చేత్తో పెట్టిన ముక్క తిన్నాను. విపరీతమైన పులుపు. పక్కనున్న పిల్ల నా ముఖం చూసి నవ్వింది. ఇన్నేళ్లుగా మోస్తున్నది దిగిపోయిందని అప్పుడు తెలిసింది. రాత్రికి నిద్ర బాగా పట్టింది.

మామదుకు ఫోన్‌లో వాయిస్ మెసేజి పంపాను. జవాబు "ఏంది సంగతి?" అనే మొదలైంది. అయితే ఆ ఊరు తనకు ఒక కోడి బాకీ ఉందని చెప్పమన్నాడు. సుజాత ఆ మాట చేరవేస్తే, వచ్చి తిని పొమ్మన్నాడు ముత్తయ్య.

మా శాఖవాళ్లు ఈ కథ ఇకమీదట చెబితే నా పేరు పెట్టి చెప్పాలి. ఉద్యోగంలో ఆలస్యంగా నేర్చుకున్నవి రెండు. దిద్దే ముందు పుటను చదవాలి. ఎదుటివాళ్లకూ నాకూ తెలిసిన భాషలో నేను చెప్పవలసిన మాటను మరొకరి నోటికి వదలకూడదు.