పెట్టెల్లో వచ్చిన కారు

లారీ మా ఇంటి ముందు ఆగినప్పుడు పక్కింటామె బయటికొచ్చి చూసి, "ఏమప్పా ఇది, పడవా?" అని అడిగింది. తాడిపత్రిలో పెన్న ఇసుకలో మనుషులు నడిచే అవతలికి పోతారు. పడవతో ఎవరికేం పని? అయినా ఆమె అనుకోవడంలో తప్పులేదు. తాళ్ళతో కట్టిన తెల్లటి ఫైబర్ డొల్ల ఒకటి లారీలో బోర్లా పడుంది. చక్రాలు లేవు, తలుపులు లేవు. దాని పక్కన ఇనుప గొట్టాలతో చేసిన చట్రం, కొన్ని చెక్క పెట్టెలు. నేను గడపలోనే నిలబడిపోయాను. మా ఆయన మాత్రం లారీ వెనక్కి పోయి, దగ్గు ఆపుకుంటూ, "మెల్లగా దించండన్నా, పగుల్తాది" అని హమాలీలను బతిమాలుతున్నాడు.

ఆయన బండల ఫ్యాక్టరీలో ఫిట్టరు. బండలు కోసే మిషన్లకు బ్లేడ్లు మార్చడం, మోటార్లు విప్పి బిగించడం ఆయన పని. పెళ్ళై నేను ధర్మవరం నుంచి వచ్చిన కొత్తలో, సాయంత్రం ఇంటికి వస్తే ఆయన కనుబొమల మీద, చెవుల్లో బూడిదరంగు దుమ్ము ఉండేది. నీళ్ళు పోసుకుంటే పోయేది. లోపలికి పోయిన దుమ్ము మాత్రం పోలేదని చాలా ఏళ్ళకు తెలిసింది. అనంతపురంలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది తగ్గేది కాదు. మళ్ళీ దుమ్ములోకి పోతే తొందరగా ముదురుతుంది" అన్నాడు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆయన కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా ఎండిన శనగచేలను చూస్తూ ఉండిపోయాడు.

పని మానేస్తానని చెప్పడానికి పోతే ఓనరు కుర్చీ వేయించి, టీ తెప్పించి, "ఇన్నేండ్లు చేసినావు, ఏం కావల్లో అడుగప్పా" అన్నాడట. ఈయన ఆ పెట్టెలు అడిగాడు. వాటిని ఒకప్పుడు ఓనరు కొడుకు సరదాపడి తెప్పించుకున్నాడు. వాటిలోని సామాను ఇంట్లోనే బిగించుకుంటే పాతకాలపు విదేశీ రేసు కారుకు నకలు తయారవుతుంది. ఇద్దరే పట్టే కారు, పైకప్పు ఉండదు. ఆ అబ్బాయి ఒక్క బోల్టు కూడా బిగించకుండానే బెంగళూరు పోయాడు. పెట్టెలు ఫ్యాక్టరీ వెనక రేకుల కింద ఉండిపోయాయి. రోజూ అన్నం తినడానికి ఈయన ఆ రేకుల కిందే కూర్చునేవాడట. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

"నీ ఊపిరితిత్తులిచ్చి ఈ డొల్ల తెచ్చుకున్నావా?" అని అడిగాను, లారీ వెళ్ళిపోయాక.

"అవి ఎట్లాగూ పోయినాయి. ఇదన్నా రానీ మే" అన్నాడు.

ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలో రేకులు కప్పి షెడ్డు వేశాడు. ఆ పెట్టెల్లో ఇంజను ఉండదు. అది వేరే కారు నుంచి తీసి పెట్టుకోవాలి. మా అన్న లారీ డ్రైవరు. గుత్తి రోడ్డులో బోల్తాపడిన పాత కారు ఒకటి పాత ఇనుము అంగట్లో ఉందని తెలుసుకుని, దాన్ని ఈడ్చుకొచ్చి షెడ్డు ముందు పడేశాడు. ఇంజను, గేర్‌బాక్స్, స్టీరింగు, ఇరుసులు అందులోంచే తీశారు. ఇద్దరూ ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని చూసేవాళ్ళు. అందులో ఇంగ్లీషులో ఏం చెప్తున్నారో ఇద్దరికీ అర్థమయ్యేది కాదు. చేతులు చూసి నేర్చుకునేవాళ్ళు.

పని సవ్యంగా ఏమీ జరగలేదు. చట్రంలో ఇంజను కూర్చునే రంధ్రాలు కుదర్లేదు. వాటిని పూడ్చి, కొత్తవి వేసి, మళ్ళీ వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. పొద్దున బిగిస్తే సరిగ్గా పడిన తలుపు, మధ్యాహ్నం రేకుల వేడికి వంగి మూసుకునేది కాదు. ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉన్నందుకు ఫైబర్ మీద సాలెగూడులాంటి సన్నటి పగుళ్ళు వచ్చాయి. వాటిని ఉప్పు కాగితంతో రుద్ది, పుట్టీ మెత్తి, మళ్ళీ రుద్దాలి. రుద్దితే దుమ్ము లేస్తుంది.

ఒకరోజు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆయన ఆ దుమ్ములో కూర్చుని రుద్దుతున్నాడు. తలంతా తెల్లగా ఉంది. నేను ఆ కాగితం లాక్కుని బయటికి విసిరేశాను.

"సచ్చిపోవల్లని ఉండాదా నీకు?"

"మరి ఎవరు రుద్దుతారు మే?"

"నేను రుద్దుతా. నువ్వు గేటు కాడ కూర్చో."

అట్లా ఆ కారు పనిలోకి నేనూ దిగాను. ముఖానికి తడిగుడ్డ కట్టుకుని, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుకుంటూ రుద్దేదాన్ని. మా వీధికి కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. గిన్నెలు తోమడానికి దాచుకున్న నీళ్ళు కారు మీద పోస్తుంటే కడుపు మండేది. ఆయన గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, "ఎడమకు... ఇంకా గరుగ్గా ఉండాది" అని అరిచేవాడు. అరిస్తే దగ్గు వచ్చేది. దగ్గు వస్తే నేను పని ఆపి చూసేదాన్ని. చూస్తే ఆయనకు కోపం వచ్చేది.

సీట్లకు గుడ్డ కూడా నేనే కుట్టాను. మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, కొలత చూసి కత్తిరించడం చేతకానిది కాదు. రెగ్జిన్ మందంగా ఉండి సూదులు విరిగేవి. ఆ కుట్టు పనిలో ఉన్నంతసేపూ నాకు కొంచెం మనసు తేలికగా ఉండేది. ఆయన దగ్గు మిషన్ చప్పుడులో వినపడేది కాదు.

మొదటిసారి ఇంజను స్టార్ట్ చేసిన రోజు మా అన్న కూడా ఉన్నాడు. కాసేపు మొరాయించి, ఒక్కసారిగా అందుకుంది. ఆయన చప్పట్లు కొట్టాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన అట్లా చప్పట్లు కొట్టడం నేను చూడలేదు. సైలెన్సరు ఇంకా బిగించలేదు. షెడ్డంతా పొగ కమ్మింది. అన్న ఇంజను ఆపేలోపే ఆయన బానెట్ పట్టుకుని వంగిపోయాడు. కింద నేల మీద ఎర్రగా పడింది. "బావా, బావా" అంటూ అన్న ఆయన్ను ఎత్తుకుని ఆటోలో వేశాడు.

ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఆయనతోపాటు ఒక ఆక్సిజన్ మిషన్ కూడా ఇంటికొచ్చింది. కరెంటు పోతే వాడుకోవడానికి ఒక చిన్న సిలిండరు. ఇక కారు మాట ఎత్తడనుకున్నాను. ముక్కుకు గొట్టం పెట్టుకుని మంచం మీద నుంచే మా అన్నకు ఫోన్ చేసి, బ్రేకులు ఎప్పుడు బిగిద్దామని అడిగాడు.

రంగు వేయలేదు. బూడిదరంగు ప్రైమరుతోనే కారు పూర్తయింది. అన్న ఆర్టీవో ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టరును కలిసి ఫోటోలు చూపించాడు. ఇంట్లో బిగించుకున్న బండికి నంబరు రాదని, రోడ్డు మీదికి తెస్తే పట్టుకోవాల్సి వస్తుందని ఆ ఇన్‌స్పెక్టరు మర్యాదగానే చెప్పాడట. అన్న తలవంచుకుని వచ్చి ఈ సంగతి చెప్తే మా ఆయన, "క్వారీ దావలో ఎవరు పట్టుకుంటారప్పా?" అన్నాడు.

ఆదివారం తెల్లారగానే క్వారీ రోడ్డుకు బయల్దేరాం. అన్న ఆయన్ను ఎత్తి స్టీరింగు ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నేను పక్కన కూర్చుని సిలిండరు కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. వీధి మలుపు దాటేసరికే ఆయన చెయ్యి గేరు రాడ్డు మీది నుంచి జారిపోయింది. స్టీరింగు తిప్పి, రాడ్డు కూడా తోసేంత బలం ఆయనలో లేదు.

"క్లచ్ నేను తొక్కుతా. నేను చెప్పినప్పుడు నువ్వు గేరెయ్యి" అన్నాడు.

"నాకేం తెలుసు?"

"కిందికి గుంజు. అదే రెండు. ఇప్పుడు పక్కకు తోసి, పైకి. ఆఁ, మూడు."

అట్లా ఇద్దరం కలిసి ఆ కారు నడిపాం. ముఖానికి గాలి కొట్టింది. గాలి అంతగా కొడుతున్నా ఆయనకు ఊపిరి అందడం లేదు. రోడ్డుకు రెండు వైపులా పనికిరాని బండముక్కలు గుట్టలుగా ఉన్నాయి. ఒకచోట ఆపమన్నాను. ఇంజను ఆపేశాడు. దిగుదామంటే ఆయన వల్ల కాలేదు. కారు నేలకు అంత దగ్గరగా ఉంటుంది. తలుపు తీసి పెట్టుకుని అట్లాగే కూర్చున్నాం.

చాలా రోజులుగా లోపల ఉన్నది అడిగేశాను. "ఓనరు ఏం కావల్లంటే ఇదెందుకు అడిగినావు? వేరే ఏమన్నా అడిగుంటే..."

ఆయన ఊపిరి కూడదీసుకోవడానికి సమయం పట్టింది. "ఏమో మే. అడుగు అంటానే కంటికి ఆ పెట్టెలే అవుపడినాయి. నువ్వుండింటే సరింగా అడిగేదానివి."

ఆ మాటకు నేను కోపం తెచ్చుకోలేకపోయాను, ఏడవనూ లేకపోయాను. సిలిండరు మీటరు ముల్లు కిందికి వస్తోందని చెప్పి వెనక్కి తిప్పమన్నాను.

ఆ తర్వాత ఆయన కారెక్కలేదు. ఆ ఏడు వానలు రాకముందే, ఒక మధ్యాహ్నం సంగటి కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని చాలన్నాడు. నేను ఆయన తిన్న తట్ట కడిగి వచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉంది. మిషన్ మాత్రం బుసబుసమంటూ గాలి తోస్తూనే ఉంది. రోజూ వేసే ఆ స్విచ్ ఎక్కడుందో కనిపించక చాలాసేపు గోడంతా తడుముకున్నాను.

పాడె కట్టడానికి షెడ్డులో తప్ప జాగా లేదు. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసినవాళ్ళు కారును వీధిలోకి తోశారు. "ఇంత అల్కగా ఉండాదే" అన్నాడు వాళ్ళలో ఒకడు, ఒంటిచేత్తో తోస్తూ. ఇంకొకడు దగ్గుతూ పక్కకు పోయాడు. ఆ దగ్గు నాకు తెలుసు. పొడిగా, గొంతులోంచి కాకుండా ఇంకా లోపల్నుంచి వస్తుంది. వాడింకా ముప్పై దాటని మనిషి.

"డాక్టరుకు చూపించుకో నాయనా" అన్నాను, ఆ ఏడుపులోనే.

"చూపించుకుంటాలేక్కా" అన్నాడు. కానీ మరుసటి వారం వాడు షిఫ్టుకు పోతూ మా వీధిలోనే కనిపించాడు.

కాగితాలు లేని కారు ఎవరూ కొనరు. ఇంజను, ఇనుప చట్రం పాత ఇనుము అంగడాయన తీసుకున్నాడు. ఫైబర్ మాత్రం వద్దన్నాడు. కరగదు, అమ్ముడుపోదు. మున్సిపాలిటీ ట్రాక్టరువాళ్ళు ముక్కలు చేసి ఇస్తేనే తీసుకుపోతామన్నారు. అన్న కోత మిషన్ తెచ్చి ప్లగ్గు పెట్టబోయాడు. నేను దాన్ని అతని చేతిలోంచి తీసుకున్నాను.

"నువ్వు గేటు బయటికి పోన్నా. ఆ దుమ్ము నీకొద్దు."

"నీకు మాత్రం మంచిదా పాపా?"

మంచిది కాదని నాకు తెలుసు. ముఖానికి తడిగుడ్డ రెండు మడతలు కట్టుకున్నాను. మొదట తలుపులు కోశాను. బానెట్ కోసేటప్పుడు, నేను నెలల తరబడి రుద్దిన చోటు చేతికి నున్నగా తగిలింది. కాసేపు ఆగి మళ్ళీ కోశాను. ఎండ నడినెత్తికొచ్చేసరికి అయిపోయింది. సన్నటి ఫైబర్ ముళ్ళు మోచేతుల దాకా గుచ్చుకున్నాయి. కొబ్బరినూనె రాసినా దురద తగ్గలేదు.