అమ్మ ఇచ్చిన చిరుగు జాకెట్టు

నా చిన్నప్పుడు జైలంటే దొంగలుండే చోటనే నాకు తెలుసు. అందుకే పక్కింటి అప్ప ఒకరోజు, ప్లీడరు బాబును జైల్లో పెట్టారని కళ్లు తుడుచుకుంటుంటే, ఆయన ఏం దొంగిలించాడో అర్థం కాలేదు. అడుగుదామంటే ధైర్యం చాల్లేదు.

మాది రాజాం దగ్గర ఒక పల్లె. అక్కను మా వైపు అప్ప అంటారు. ఆ అప్ప మాకు చుట్టం కాదు. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు, మేం గుడికి. అప్ప తన ఇంటి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికీ బట్టలు కుట్టేది. బడి వదిలాక నేను అక్కడే చేరి, గుండీలు ఏరిపెట్టడం, సూదిలో దారం ఎక్కించడం చేసేదాన్ని.

ఆ ఏడు కూలి పెంచమన్నందుకు మా ఊరి ఆసామి కొందరి మీద దొంగతనం మోపి స్టేషనుకు పంపించాడు. అక్కడ వాళ్లను గొడ్డును బాదినట్టు బాదారు. అప్ప మొగుడు వాళ్లలో ఒకడు. ఆయన కుడిచెయ్యి మళ్లీ నాగలి పట్టలేదు. శ్రీకాకుళంలో ఉండే ప్లీడరు బాబు పైసా తీసుకోకుండా వాళ్లను విడిపించి, కొట్టినవాళ్ల మీద కేసు వేశాడు. కొన్నాళ్లకు ఏదో నేరం చూపించి ఆయననే లోపల పెట్టారు. జామీనుకు ఎవరూ ముందుకు రాలేదు. ఇంటివాళ్లు అద్దిల్లు ఖాళీ చెయ్యమంటున్నారట. భార్య చంటిపిల్లతో ఎక్కడికి పోతుంది?

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. ఊళ్లో ఆయన పేరెత్తితే పెద్దవాళ్లు గొంతు తగ్గించేవారు. మంచివాడంటారు, మళ్లీ ఆయన ఊసు బయట ఎత్తొద్దంటారు. మంచివాడి పేరు చెప్పడానికి భయం దేనికో నాకు తెలిసేది కాదు.

ఒక పొద్దున బోరింగు దగ్గర నీళ్లకు వచ్చిన ఆడవాళ్లతో అప్ప చెప్పింది. "ప్లీడరు బావు ఇంటికి ఇవ్వాలనుకున్నోలు ఇవ్వండి. ఇవ్వలేనోలు ఇవ్వకండి. గాని అందరూ నా అరుగు మీదకి ఒక మూట తెండి. సిరిగిన గుడ్డైనా సరే."

ఇవ్వలేనివాళ్లు మూట తేవడం ఎందుకో నాకు బోధపడలేదు.

ఇంట్లో నాన్న ముందే చెప్పేశాడు. మేం చేసుకునేది ఆసామి దగ్గర కౌలుకు తీసుకున్న మడి. "మనం ఏటైనా ఇచ్చినామని తెలిస్తే మడి లాగీసుకుంటాడు. పిల్లల్ని ఏటి పెట్టి పెంచుతాం?" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, తల వంచుకుని అన్నాడు.  సాయంత్రం అమ్మ తన పాత జాకెట్టు, చంకలో చిరిగింది, ఒక తువ్వాల్లో కట్టి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అరుగు మీద పెట్టింది. అప్ప మొహంలోకి చూడలేకపోయింది.

అరుగు మీద చాలా మూటలు చేరాయి. కొన్నిటిలో బట్టల మడతల మధ్య నోట్లు, చిల్లర ఉండేవి. ఒక ముసలమ్మ చీర చెంగున వెండి మెట్టెలు కట్టి పంపింది. చాలావాటిలో ఉత్త చిరుగు బట్టలే. ఏ మూట ఎలాంటిదో అప్పకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండు మూడు రోజులకు మధ్యాహ్నం ఒక కానిస్టేబులు వచ్చాడు. నేను గుండీల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను.

"ఏటమ్మా, ఆ ప్లీడరుకి సందా వసూలు సేస్తన్నావట?"

"సందా ఏటి బావూ, కుట్టుపని" అంది అప్ప, మిషను ఆపకుండా.

"ఎవులెవులియ్యి ఇవన్నీ?"

"ఈదంతటిదీను. ఆసామిగోరింటి దుప్పటి కూడా ఉన్నాది, సూడండి."

ఆసామి పేరు వినేసరికి అతను కాస్త తగ్గాడు. అయినా ఊరికే పోవడం ఇష్టం లేక పైనున్న మూట లాగి విప్పాడు. అది అమ్మది. చిరుగు జాకెట్టు అటూ ఇటూ దులిపి, ఏమీ రాలకపోతే కింద పడేసి, విసుక్కుంటూ వెళ్లిపోయాడు. అమ్మ జాకెట్టు వీధిలో వాళ్లంతా చూసేటట్టు పడి ఉంటే నాకు ఏడుపొచ్చింది. అప్ప మాత్రం దాన్ని తీసి గుండెకు అదుముకుంది. 

అప్పుడే లేచి మా ఇంటికొచ్చి, పొయ్యి దగ్గరున్న అమ్మ చేతులు రెండూ పట్టుకుంది. అమ్మకు ఏమీ అర్థం కాలేదు.

"నాను ఏటీ ఇవ్వనేదు కదమ్మా. నిన్ను సూడ్డానికే సిగ్గేస్తంది" అంది అమ్మ.

"నువ్వు రాకపోతే ఈపాటికి అందరూ దొరికిపోదురు పిన్నీ. ఇచ్చినోలే వచ్చుంటే ఆలెవులో ఊరంతా తెలిసిపోను. ఉత్త మూటలు తెచ్చినోలే ఆలని దాసినారు" అంది అప్ప.

కుట్టిన బట్టల సంచిలో దాగి ఆ సాయం శ్రీకాకుళం చేరింది. ప్లీడరు బాబు భార్య ఇల్లు వదలాల్సిన అవసరం రాలేదు. జామీను దొరికి ఆయన బయటికొచ్చాడు. కొట్టినవాళ్ల మీద కేసు మాత్రం ఏళ్ల తరబడి నడిచి, చివరికి వీగిపోయింది. ఒకసారి ఆయన మా వీధికి వచ్చాడు. నేను పెద్ద వస్తాదును ఊహించుకున్నాను. వచ్చింది సన్నగా, కళ్లజోడు పెట్టుకున్న మనిషి. గడప గడపకూ వెళ్లి దండం పెట్టాడు. మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఏమీ ఇవ్వని ఇంటికి ఆ దండం చెల్లదనుకుంది కాబోలు.

అప్ప ఎన్నిసార్లు చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు. పోయేదాకా ఆ మాట తలుచుకుని బాధపడేది. ఎవరిది నిజమో తేల్చుకోవడం నాకూ చాతకాలేదు. అమ్మ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? భయపడి ఆగిందా, భయపడుతూనే వెళ్లిందా?

నాకిప్పుడు పింఛను తప్ప ఆధారం లేదు. మొన్న కొండ మీదివాళ్ల భూముల కోసం కొట్లాడిన ఒక లాయరమ్మాయిని అరెస్టు చేశారని, ఆమె కేసు ఖర్చులకు చందా పోగుచెయ్యడానికి రాజాంలో మీటింగు పెట్టారు. ఆ నెల పింఛను నా మందులకే చాల్లేదు, ఇవ్వడానికేమీ మిగల్లేదు. అయినా బస్సెక్కి వెళ్లి, మొదటి వరసలో, అందరికీ కనబడేలా కూర్చున్నాను. నా వెనక వరసల్లో ఎవరేమిచ్చారో నేను తిరిగి చూడలేదు.