మూడో చరణం

కాపెల్ ఊళ్లోని తెలుగు చర్చిలో జీవరత్నంగారిది రెండో వరుసలో గోడవార కుర్చీ. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఎవరూ చూడటం లేదనుకుంటూ తొడమీద తాళం వేస్తుంటారు. నలభై ఏళ్ల కిందట తాను రాసిన కీర్తన వచ్చిందంటే ఆ తాళం నాలుగు వరుసల అవతలికీ వినబడుతుంది. పాస్టర్ వినయ్ మాత్రం ప్రతిసారీ, "టైమ్ లేదు, ఒకటి, రెండు, నాలుగు చరణాలు పాడదాం" అంటాడు. ఆ మూడోది చనిపోయిన భార్య సుగుణమ్మ పొయ్యి దగ్గర నిలబడి కట్టింది. పాట కింద అచ్చయింది మాత్రం జీవరత్నంగారి పేరొక్కటే. "పోనిద్దురూ, దేవుడికి తెలీదా!" అని ఆవిడ అప్పట్లో నవ్వేసింది. ఆయనా హాయిగా నవ్వేశారు.

మొన్న ఆదివారం ధైర్యం చేసి అడిగారు. "అయ్యో, తప్పకుండా అంకుల్! మూడోది స్లైడ్‌లో లేదు, మీరే పాడేయండి" అని వినయ్ మైకిచ్చాడు. సొంత పాటకి పుస్తకమెందుకని ఆయన చూసుకుని రాలేదు. "ఇది మా ఆవిడ రాసింది" అని చెప్పి గొంతు సవరించుకున్నారు. మొదటి మాటే గుర్తు రాలేదు. ఇంట్లో ఏ పంక్తి మరిచినా అందించేది ఆవిడే. "పర్లేదంకుల్, నాలుగోది అందుకుందామా?" అన్నాడు వినయ్ మెల్లగా. జీవరత్నంగారు వద్దన్నట్టు చెయ్యెత్తి, మూడో చరణంలోని నాలుగు పంక్తులకీ సరిపడా తాళం తొడమీద పూర్తిగా వేసి, అప్పుడు కూర్చున్నారు.