ఆయన దోసిట్లో నా కాలు

మావయ్యగారు పోయారన్న కబురు మొన్న పొద్దున నేను సాక్చీ మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటుంటే వచ్చింది. ఫోన్ చేసింది బావమరిది. "బావా, నాన్న ఎలిపోయారు. అక్కకి నువ్వే చెప్పాల," అన్నాడు. చేతిలో ఉన్న బెండకాయల్ని తిరిగి బుట్టలో వేసేశాను. పిల్లనిచ్చిన మామ పోతే ముందు ఆయన ముఖం కళ్ళముందుకు రావాలి. నాకు ఆయన అరచేతులు కనిపించాయి, వాటిలో బురద కొట్టుకుపోయిన నా జోడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఆ మార్కెట్ మధ్యలో నిలబడి, చెవులు వేడెక్కేలా సిగ్గుపడ్డాను.

ఆ సంగతి దాచి ఆయన గురించి ఎన్ని మంచి మాటలు రాసినా ఏం లాభం. అందుకని ముందు అదే చెబుతాను.

మాది సీతారాండేరా, వాళ్ళది భాలుబాసా, ఒకే ఊళ్ళో రెండు పేటలు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి ఉక్కు కార్ఖానా పనికి వచ్చినవే. మా ఇళ్ళల్లో పెళ్ళికొడుకు గుర్రమెక్కే ఆనవాయితీ లేదు. అది ఇక్కడి హిందీవాళ్ళ ముచ్చట. నా స్నేహితులంతా గుర్రం మీద ఊరేగి పెళ్ళి చేసుకున్నారు, నేనేం తక్కువ తిన్నానా అని నేనూ పట్టుబట్టాను. "మనకి గుర్రాలేటిరా, కారులో పోరా," అని మా అమ్మ మొత్తుకుంది. అప్పటిదాకా నేను ఎక్కినవల్లా సైకిలూ స్కూటరూ. అయినా వినలేదు.

ఆడపెళ్ళివారి వీధి మలుపు తిరగ్గానే మా వాళ్ళెవరో టపాకాయల సరం అంటించారు. గుర్రం బెదిరి ముందుకాళ్ళు లేపింది. నేను కాలు మోపిన రికాబు తోలు పుటుక్కున తెగింది. కళ్ళు తెరిచేసరికి వీధి కుళాయి పక్కన బురదలో ఉన్నాను. తలపాగా దొర్లుకుంటూ పోయి బ్యాండువాళ్ళ కాళ్ళ దగ్గర ఆగింది. బ్యాండు కూడా ఆగిపోయింది. మేడల మీద నుంచి ఆడపిల్లలు కిసుక్కున నవ్వడం స్పష్టంగా వినబడింది. ఒంటికి దెబ్బ తగల్లేదు. తగిలి ఉంటే బాగుండుననుకున్నాను, కనీసం నవ్వేవాళ్ళు నవ్వకపోదురు.

"ఛోడ్ యార్, పైదల్ చల్," గుర్రం వదిలేసి నడిచి పోదాం పదమన్నారు స్నేహితులు. ఎదురుగా ఆడపెళ్ళివారి గుమ్మం కనిపిస్తూనే ఉంది. తల వంచుకుని నడవబోయాను. అంతలో హారతి పళ్ళెం పక్కన నిలబడ్డ పెద్దాయన గుమ్మం దిగి గబగబా వచ్చారు. ఇంకా మావయ్య కాలేదు, కాబోయే మావయ్య. కొత్త కండువాతో నా భుజం మీద బురద తుడిచారు. తలపాగా తెచ్చి దులిపి పెట్టారు.

"ఎక్కండి బాబూ."

"వద్దండీ. నడిచి వచ్చేస్తాను." గుర్రం వైపు చూడాలంటేనే భయంగా ఉంది.

ఆయన దగ్గరికి జరిగి నాకొక్కడికే వినబడేలా అన్నారు. "బయమేత్తాది. నాకు తెలుసు. కానీ మా గుమ్మంలోకి పడిపోయినోరిలాగ రాకండి. దిగినోరిలాగ రండి."

రికాబు తెగిపోయింది కదా, కాలు పెట్టేందుకు ఏమీ లేదు. ఆయన వంగి దోసిలి పట్టారు. పెళ్ళిలో అల్లుడి కాళ్ళు మామ కడగడం మన ఆచారమే. కానీ అది పీటల మీద, పళ్ళెంలో, మంత్రాల మధ్య. అంతమంది చూస్తుండగా వీధిలో, బురద జోడుతో, ఆడపిల్ల తండ్రి చేతుల్లో కాలు పెట్టాలంటే ప్రాణం చచ్చిపోయింది. పెట్టాను. ఆయన ఒక్క ఊపున పైకి లేపారు. బ్యాండువాళ్ళ వైపు తిరిగి, "బజావ్, బజావ్," అని కసిరారు.

గుమ్మం దాకా నా మోకాలి మీద చెయ్యి వేసి నడిచారు. నేను దిగాను. ఆయన చరచరా ముందుకెళ్ళి మళ్ళీ హారతి పళ్ళెం పక్కన నిలబడి, నన్ను అప్పుడే చూస్తున్నట్టుగా, "రండి బాబూ, రండి," అన్నారు. తర్వాత పీటల మీద నా కాళ్ళు కడుగుతున్నప్పుడు ఆయన గోళ్ళ సందుల్లో ఆ బురద ఇంకా ఉంది. నేను మంత్రాలేవీ వినలేదు.

మావయ్యగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. దారిలో ఎవరు ఎదురైనా, చిన్నపిల్లలైనా సరే, సైకిలు దిగి గాని పలకరించేవారు కాదు. ఎందుకంటే, "మనిషితో నేల మీద నిలబడే మాటాడాల," అనేవారు. మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే ఉప్పు తక్కువైతే అడిగేవారు, ఎక్కువైతే నోరెత్తేవారు కాదు. "తక్కువయితే ఏసుకుంతాం. ఎక్కువయితే ఏటి సేత్తాం, పాపం ఆల్ల మనసు నొప్పించడం తప్ప," అనేవారు. నాకూ అదే మర్యాద జరిగింది. భాలుబాసా కుర్రాళ్ళు నన్ను చాలాకాలం 'గుర్రం బావ' అని పిలిచారు. ఆయన మాత్రం ఏనాడూ ఆ ఊసెత్తలేదు. మా ఆవిడ ఆ రోజు కిటికీలోంచి చూసిందో లేదో ఇప్పటికీ నేను అడగలేదు.

ఒకసారి పండక్కి అందరం విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు బావమరిది కొత్త చుట్టాలకి ఆ కథ మొదలుపెట్టాడు. "మా బావ పెళ్ళినాడు గుర్రం మీంచి పడిపోయి..." అంటుండగానే మావయ్యగారు తల ఎత్తకుండా అన్నారు. "పడనేదురా. దిగేరు. నాను సూసేను కదా." బావమరిది పప్పు గిన్నె అందుకున్నాడు. నవ్విన వాళ్ళందరి నవ్వులూ తట్టుకున్నాను గాని, నా కోసం ఆ నిజాయితీపరుడు ఆడిన ఆ అబద్ధాన్ని తట్టుకోలేకపోయాను.

పోయినేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కర్ర పట్టుకుని మెల్లగా నడక నేర్చుకుంటున్న రోజులవి. ఒకరోజు మేమూ అక్కడే ఉండగా కాసిడీహ్ నుంచి బంధువులు చూడ్డానికి వచ్చారు. మావయ్యగారు ఎవరినీ పిలవకుండా లోపలి గదిలోంచి తానే బయల్దేరి గడప దగ్గర పడిపోయారు. "తాతయ్య గిర్ గయే," అని మా అమ్మాయి అరిచింది. నేను పరుగెత్తి ఆయన్ని రెండు చేతుల్లో ఎత్తుకున్నాను. పసిపిల్లవాడిలా తేలిగ్గా ఉన్నారు. అందరి మధ్యలోంచి ముందు గదిలోని మంచం వైపు నడుస్తుంటే ఆయన ముఖం నా చొక్కాలో దాచుకున్నారు. అప్పుడు, వంకర పోయిన నోటితోనే, "దింపండి బాబూ," అన్నారు.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరికి అర్థం కాకపోయినా నాకు కావాలి. ఆయన అడిగేదాకా నాకు తట్టలేదు. వెనక్కి తీసుకెళ్ళి గడప అవతల దింపి కర్ర చేతికిచ్చాను. ఆయన గోడ పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నారు. గడప దాటి, నడిచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "ఎప్పుడొచ్చేరు?" అని చుట్టాల్ని అడిగారు. నేను మంచినీళ్ళ వంకన లోపలికి పోయి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

మొన్న పాడె మోసిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. సువర్ణరేఖ ఒడ్డుకి వెళ్ళే దారిలో దింపుడు కల్లానికి ఆగి పాడెను కింద పెట్టాం. ఏ మూలో ఊపిరి ఉంటే లేస్తారేమోనని చెవిలో పిలవడం ఆచారం. బావమరిది చెవి దగ్గర వంగి "నాన్నా" అని మూడుసార్లు పిలిచాడు. తర్వాత నన్ను పిలవమన్నారు. నేను చెవి దాకా పోలేకపోయాను. కాళ్ళ దగ్గరే కూర్చుని, "మావయ్యగారూ, దింపేం," అన్నాను. పిలవాల్సింది అలా కాదని తెలుసు. నోటికి ఇంకేమీ రాలేదు.

అందరూ కాసేపు ఆగారు. లేవరని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. "ఎత్తండిక," అన్నారెవరో పెద్దాయన. మిగతా ముగ్గురూ వంగారు. నా కోసం చూస్తున్నారు. అప్పుడు చూసుకున్నాను, నా చేతులు రెండూ ఆయన పాదం కింద దోసిలి పట్టి ఉన్నాయి.