కాళ్లకు సైకిల్ చైను

ఆ రోజుల్లో ఏ పనైనా పుస్తకంలో చదివితే చాలు, అది నాకు వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. మదనపల్లెలో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు లైబ్రరీలో గడిపేవాణ్ణి. ఈత గురించి చదివాను, ఇప్పటికీ ఈత రాదు. (తేనెటీగల పెంపకం గురించీ చదివాను. ఆ సంగతి మా అత్త ముందు ఎత్తకూడదు.) మామ పోయి ఏడాది కావస్తోంది. ఆయన గురించి ఏదైనా రాయమని ఇంట్లో అడిగారు. రాయదగిన సంగతులు చాలా ఉన్నాయి కానీ, కూర్చుంటే ఇదొక్కటే వస్తోంది. ఇందులో మామ చేసిందేమీ లేదు. కొండ కింద మంచం మీద కూర్చుని పైకి చూశాడు, అంతే.

మామది చౌడేపల్లె దారిలో ఒక పల్లె. ఊరి వెనక కొండ మీద కార్తీకంలో దీపం పెడతారు. ఏటా ఒక ఇంటి వంతు. వంతు వచ్చిన ఇంటివాళ్లు కొండ కింద నూనె కుండను ఎత్తుకుంటే, పైన రాతి ప్రమిదలో పోసేదాకా నేల మీద పెట్టకూడదు, మోసే మనిషి మారకూడదు. కొండ మీదికి తోలు రాకూడదు కాబట్టి అందరూ చెప్పులు కిందే విడుస్తారు. వంతు మళ్లీ రావడానికి ఒక తరం పడుతుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న కుండ మోస్తుంటే మామ చూశాడట. అప్పటినుంచీ తన వంతు కోసం ఎదురుచూశాడు. తీరా అది వచ్చిన ఏడు టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. కొడుకులు లేరు. నన్ను పిలిపించి, "నువ్వు ఎత్తుకోని పోవాలప్పా. నేను కింద కూసోని సూస్తాంటా. దీపం కనపడితే సాలు నాకు" అన్నాడు. సరేనన్నాను. కొండ ఎక్కడమంటే నాకు భయమని మాత్రం చెప్పలేదు. ఆ కొండ కింది సగం గరుసు నేల, అడుగు వేస్తే రాళ్లతో పాటు మనిషీ కిందికి వస్తాడు. ఆ పైన ఏటవాలు బండ. పట్టుకోవడానికి చేతులు ఖాళీగా ఉండవు.

లైబ్రరీలో ఒక పత్రికలో పర్వతాలెక్కేవాళ్ల ఫొటో చూశాను. జారకుండా బూట్ల కింద గొలుసులు కట్టుకున్నారు. నాకు దారి దొరికింది. పుంగనూరులో ట్యూబప్ప అని అందరూ పిలిచే సైకిల్ షాపాయన దగ్గరికి వెళ్లి, పాత టైరు ముక్కలకు చైను బిగించి, పాదాలకు కట్టుకునేలా ట్యూబు పట్టీలు పెట్టమన్నాను.

"ఇది యాలప్పా నీకు?"

"కొండెక్కేదానికి."

"సైకిల్ మిందనా?"

"కాదన్నా, నడిచే."

ఆయన టైరు ముక్క చేతిలోకి తీసుకుని, "అట్లయితే బ్రేకులు గూడా పెట్టల్లా?" అన్నాడు. (ఎగతాళి చేశాడో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తెలియదు.)

దీపం పెట్టే రోజు సాయంత్రం అవి కట్టుకుని కుండ ఎత్తుకున్నాను. నేను నడుస్తుంటే వచ్చిన చప్పుడుకు, ఎవరి ఆవో గొలుసు తెంచుకుని వస్తోందనుకుని జనం పక్కకు జరిగారు. ఊళ్లో అందరికీ పెద్దమ్మ అయిన ఒకావిడ వంగి నా పాదాలు చూసింది.

"తోలు కాదు పెద్దమ్మా. రబ్బరు, ఇనుము" అన్నాను ముందుగానే.

"అది సరేలే. నిన్నెవురు కట్టేసినారప్పా?"

గరుసు మీద చైన్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. అదే నా కొంప ముంచింది. వెనక వస్తున్నవాళ్లు జారుతుంటే నేను జారడం లేదు. నోరు ఊరుకోలేదు. "ముందుకు వంగొద్దండి, మడమ నొక్కి నిలబడండి" అని ఊరందరికీ పాఠం చెప్పుకుంటూ ఎక్కాను. పుట్టినప్పటినుంచీ ఆ కొండ ఎక్కుతున్న ముసలివాళ్లు కూడా మర్యాదకు తలలూపారు. అంతలో బండ వచ్చింది. నునుపు రాతి మీద ఇనుము ఏం చేస్తుందో ఆ పత్రికలో రాయలేదో, నేనే పేజీ తిప్పలేదో. రెండు కాళ్లూ ఒక్కసారే పట్టు తప్పాయి. నేను కూలబడ్డాను, కుండ ఒడిలోకి ఒరిగింది, నూనె బండ మీదుగా నా వెనకవాళ్ల కాళ్ల కిందికి పారింది. నా పాఠం విన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. కుండలో మాత్రం అడుగున తడి తప్ప ఏమీ లేదు. కింద మామ పైకి చూస్తుంటాడన్నది ఒక్కటే నాకు గుర్తుంది.

"కుండ కింద పెట్టేసినాడు. వంతు పాయ" అన్నాడెవరో.

పెద్దమ్మ కూర్చున్న చోటునుంచే తీర్పు చెప్పింది. "యాడ పెట్టినాడు? వాని ఒళ్లోనే ఉండాది. వాడు పడినాడు గానీ కుండ పడ్ల్యా. లెయ్యప్పా."

అందరూ తమ తమ దీపాల కోసం సీసాల్లో తెచ్చుకున్న నూనెను తలా కొంచెం నా కుండలో పోశారు. పోస్తూ ఎవరూ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే తలెత్తగలిగేవాణ్ణి. ఎవరో నా చైన్లు విప్పారు. బండ అంచున, నూనె పారని చోట, వట్టి కాళ్లతో ఎక్కాను. కాలి వేళ్లు రాతిని పట్టుకున్నాయి. (అవి అంతకుముందు కూడా నా దగ్గరే ఉన్నాయి.)

దీపం ఆలస్యంగా వెలిగింది. దిగి వచ్చేసరికి మామ మంచం మీద అలాగే కూర్చుని ఉన్నాడు. వార్త నాకంటే ముందే దిగింది.

"బాగా ఎలిగిందప్పా" అన్నాడు. నా వట్టి కాళ్ల వైపు చూసి, "బండకు తలంటు పోసినావంట గదా" అన్నాడు.

ఆ రాత్రినుంచి నేను ఆ ఊరికి చైనప్పనయ్యాను. తర్వాత కుప్పంలో ఉద్యోగం వచ్చింది. కార్తీకం వచ్చేసరికి ఏటా నాకు సెలవు దొరికేది కాదు. మామ ఏటా ఫోన్ చేసేవాడు. "బండ ఎప్పుడో ఆరిపాయలే, రాప్పా" అనేవాడు. నేను ఆఫీసులో ఆడిట్ అనేవాణ్ణి. కార్తీకంలో ఆడిట్ ఏమిటని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయన పోయాక వచ్చిన కార్తీకంలో సెలవు దొరికింది. వేరే ఇంటి వంతు. జనంలో కలిసి వట్టి కాళ్లతో ఎక్కాను. బండ దగ్గర, ఆ ఊరికి కొత్తగా వచ్చిన కోడలెవరో నన్ను హెచ్చరించింది.

"జాగర్తన్నా. చైనప్ప బండ ఇది."

"చైనప్ప ఎవరమ్మా?"

"ఎవురో పాతకాలం మనిషంట. కాళ్లకు ఇనుము కట్టుకోనొచ్చి జారినాడంట."

"పడ్డాడా, పాపం?"

"ఆయప్పొక్కడే పడింటే బండకు పేరెట్ల వస్తాదన్నా? ఊరందర్నీ పడేసినాడంట."

నిజమేనన్నాను. నవ్వు వచ్చింది. కింద మామ మంచం వేసుకున్న చోటు వైపు ఒకసారి చూసి, వంగి బండకు అరచేయి ఆనించాను. పొడిగానే ఉంది. ఎప్పుడో ఆరిపోయింది.