కుదురులేని మావయ్య, కదలని ప్రాణి

మా మావయ్య కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లెవరూ లేరు. అంత కుదురులేని మనిషికి దొరికిన ఉద్యోగమేమో, మ్యూజియంలో సూక్ష్మదర్శిని కింద బ్రయోజోవన్లను చూసి ఏది ఏ జాతో తేల్చడం. సముద్రంలో చిప్పలకీ రాళ్లకీ లేసు అల్లినట్టు అంటుకుని బతికే ప్రాణులవి. ఒక్కోదానికి ఆవగింజలో పావు వంతు గది, ఆ గదికో గుమ్మం. అంటుకున్నచోటు నుంచి చచ్చేదాకా కదలవు. మావయ్య సూక్ష్మదర్శినిని ఎత్తు బల్ల మీద పెట్టుకుని, నిలబడి, ఈ కాలి మీదా ఆ కాలి మీదా ఊగుతూ వాటిని చూసేవాడు.

"ఇంకొక్కటి చూసొస్తా" అన్నది ఆయన ఊతపదం. ఆ మాట అని వెళ్తే అన్నం చల్లారాకే రావడం. చేపల అంగట్లో ఆలుచిప్పలు తిరగేసి గోకుతూ నిలబడితే అమ్మే ఆవిడ అరిచేది.

"కొంటారా, గోకుతారా?"

"గోకి కొంటానమ్మా. ఇంకొక్కటి చూడనీ."

ఓసారి పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లి, పన్ను చూపించకుండా, ఆయన చేతిలోని సన్నటి కొక్కెం అడిగి పుచ్చుకుని వచ్చేశాడు. చిప్పలు గోకడానికి బ్రహ్మాండంగా ఉందట. నొప్పి తగ్గిందా అని అత్తయ్య అడిగితే "ఏ నొప్పి?" అన్నాడు.

నేను ఆయన చేతికిందే తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. కొన్నాళ్లకే ఓ చిప్ప మీద కొత్త జాతి దొరికింది. పుస్తకాల్లో ఉన్న జాతికి గుమ్మం చుట్టూ ముళ్లుంటాయి. నాదానికి ఒక్క ముల్లూ లేదు. దాని మీద వ్యాసం రాసి, శాస్త్రవేత్తల సభలో చదివి అందరినీ ఒప్పిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు డైరెక్టరుగారు. వ్యాసం మీద మావయ్య సంతకం ఒక్కటే తక్కువ.

"పెట్టు మావయ్యా."

"పెడతానే. ఇంకొక్కటి చూసొస్తా."

రోజూ ఇదే మాట. తెల్లారేసరికి సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసుకుని వెళ్లిపోయి, తడి ప్యాంటుతో తిరిగొచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. "మీ మావయ్యకి కుళ్లేమో" అని పక్క గదివాళ్లు గొణిగితే కాదనలేకపోయాను.

అత్తయ్య మాత్రం నవ్వేసింది. "కుళ్లుకోవాలంటే ఒకచోట కూర్చోవాలే. ఆయనకంత ఓపికెక్కడిది?"

సభ రోజున నేను వేదిక ఎక్కబోతుంటే మోకాళ్లదాకా తడిసిన మావయ్య బకెట్టుతో దూసుకొచ్చాడు. అందులో ఓ చిప్ప, దాని మీద నాదానిలాంటి అల్లికే, ఇంకా ప్రాణంతో ఉంది.

"నీ చిప్పని దేంతో కడిగావు?"

"టూత్‌బ్రష్‌తో."

"సింకు పక్కన ఆ బ్రష్ చూసిన రోజు నుంచీ నాకు నిద్రలేదు. ముళ్లు పుట్టుకతోనే లేవో, నువ్వు తోమితే ఊడాయో! ఇదే మాట సభలో ఎవడైనా అడిగితే?"

"ఇప్పుడెలా?"

"చూడు మరి."

అక్కడే సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అల్లిక అంచున కొత్తగా పుట్టిన గదులు, ఏ బ్రష్షూ తగలనివి. ఒక్కదానికీ ముల్లు లేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ముందే చెప్పొచ్చుగా మావయ్యా!"

"చెబితే నీక్కూడా కుదురు పోయేది. ఇంట్లో ఒకరం చాలే."

తడిచేత్తోనే సంతకం పెట్టాడు. తర్వాత ముందు వరసలోకి వెళ్లి, కూర్చున్నాడు! నేను చదివినంతసేపూ కాలైనా కదపలేదు. పక్కనున్న అత్తయ్య జ్వరమేమోనని నుదురు తాకి చూసింది. అనుకున్నట్టే ఒక పెద్దాయన లేచి, చిప్పని ఎలా శుభ్రం చేశావని అడిగాడు. నేను బకెట్టు చూపించాను.

ఉద్యోగం ఖాయమైంది. ఆ జాతికి మావయ్య పేరే పెడుతున్నానని ప్రకటించి ఆయన వైపు చూశాను. కుర్చీ ఖాళీ, కింద నీళ్ల మడుగు.

"ఏడీ అత్తయ్యా?"

"ఇంకొక్కటి చూసొస్తాడట" అంటూ నిట్టూర్చింది. "పోనీలేవే. ఆయన పేరు పెట్టుకున్నదైనా ఒకచోట పడి ఉంటుంది."