కిటికీ వెలుగులో తెల్లబిళ్ల

మా రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన కొత్తలో, బీదర్‌లో కుర్రాళ్లకు విమానాలు నడపడం నేర్పే చోట నాకు ఉద్యోగం. నడపడం కాదులెండి, వాటిలో పోసే ఇంధనాన్ని పరీక్షించడం. పొద్దున్నే ట్యాంకులోంచి సీసాడు తీసి, తెల్లటి వడపోత బిళ్ల గుండా పంపేవాళ్లం. బిళ్ల ఆరాక కిటికీ వెలుగులో రంగుల చార్టు పక్కన పెట్టి చూడాలి. తెలుపైతే ఒకటి. గోధుమరంగు ముదిరేకొద్దీ అంకె పెరుగుతుంది. మూడు దాటితే ఆ పూట ఏ కుర్రాడూ గాల్లోకి లేవడానికి వీల్లేదు. మా ఎర్రమట్టి ఊళ్లో దుమ్ము దూరని చోటు లేదు కాబట్టి నాకు రోజూ గుండెదడే.

నాతోపాటు చూసేది మా చర్చిలో పాటలు పాడే పెద్దాయన. అన్నా అనేవాణ్ణి. ఒకరి మాట విని ఇంకొకరు చెప్పకూడదని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఇద్దరం విడివిడిగా చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కసారే ముందుకు చాపి, అంకె ఎంతైతే అన్ని వేళ్లు చూపించాలి. పిల్లల ఆటలా ఉందని చూసినవాళ్లు నవ్వేవారు. మాకదే ముచ్చట. ఆ పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ ఆ ఇంధనపు వాసన కమ్మగా తోస్తుంది.

కొన్నాళ్లకు ఆయన వేళ్లు కాస్త ఆలస్యంగా విచ్చుకోసాగాయి. ముందు నా చేతివైపు చూసి, తర్వాత తనవి చాపుతున్నాడు. చర్చిలో పుస్తకం తెరవకుండా పాడుతుంటే భక్తి ముదిరిందనుకున్న మొద్దుబుర్ర నాది. విషయం అప్పటికి అర్థమైంది. నేను నోరు విప్పితే ఆయనకు ఆ పని పోతుంది. విప్పకపోతే విమానాలు నా ఒక్కడి చూపు మీదే లేస్తాయి.

మర్నాడు నేను చెయ్యి చాపాను గానీ పిడికిలి విప్పలేదు. ఆయనా విప్పలేదు.

"నాకు తెలుస్తలేదు తమ్మి. అన్నీ ఒక్క తీర్గనే కనవడ్తున్నయ్," అన్నాడు.

ఇన్నాళ్లూ దాచినందుకు కోపం వచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఏదీ బయటపెట్టేలోపు ఆయనే వెళ్లి అధికారికి చెప్పేశాడు. వేరే పనికి మార్చారు. కంట్లో పొరకు ఆపరేషన్ చేసి, డాక్టర్లు సోడాబుడ్డి అద్దాలు పెట్టారు.

ఆ అద్దాలతో ఒకరోజు మా గదికి వచ్చాడు. అప్పుడే ఆరిన బిళ్ల కిటికీ దగ్గర ఉంది. వంగి చాలాసేపు చూశాడు.

"ఇది ఇంత తెల్లగుంటదా?"

మంచి ఇంధనమైతే అంతేనన్నాను. ఆయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆ పిల్లలందరు మంచిగనే దిగిన్రు గదా, తమ్మి?"

దిగారన్నాను. మళ్లీ చెప్పమన్నాడు.